రెండుసార్లు ఐవీఎఫ్ ఫెయిలయ్యాక ఫైలు తిరగేస్తే: ఒక కేస్ స్టడీ

నేను ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో స్త్రీవైద్య నిపుణురాలిని. నా దగ్గర ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని శరీరం బయట కలిపే చికిత్స) ల్యాబ్ లేదు. పరీక్షలు, లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో చేసే ఆపరేషన్), ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) వరకు చేస్తాను, ఆపైన అవసరమైతే హైదరాబాద్ పంపుతాను. అక్కడ ఫెయిలై వచ్చినవాళ్లు సెకండ్ ఒపీనియన్ కోసం మళ్లీ నా దగ్గరికే వస్తుంటారు. వాళ్లలో ఒక జంట కేసు ఇది. వాళ్ల అనుమతితో రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వయసులు, ఉద్యోగం, తేదీల వంటివి కొన్ని మార్చాను. ఏ నిర్ణయానికి ఏ రిపోర్టు కారణమో అది మాత్రం మార్చలేదు.

ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. "ఏ సెంటర్ మంచిది మేడం?" అని నన్ను వారానికి ఎంతోమంది అడుగుతారు. పేరు చెబితే వాళ్లకు తృప్తి, నాకు పని తక్కువ. కానీ చికిత్స ఎక్కడ తప్పిందో తెలియకుండా సెంటర్ మారిస్తే, అదే తప్పు కొత్త బిల్లుతో మళ్లీ జరుగుతుంది. ఈ జంట విషయంలో అది దాదాపు జరగబోయింది.

నేపథ్యం

ఆమెకు 31, ఆయనకు 36. పెళ్లై ఏడేళ్లు. ఆయన దుబాయ్‌లో వెల్డర్. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. మా వైపు చాలా ఇళ్లలో కాపురం ఇలాగే సాగుతుంది. నా దగ్గరికి వచ్చేనాటికి ఆయన దుబాయ్ వదిలి వచ్చేసి ఏడాదిన్నర దాటింది.

వాళ్లు తెచ్చిన ప్రతి చీటీ మీదా మొదటి వాక్యం ఒకటే: "పెళ్లై ఇన్నేళ్లు, పిల్లలు లేరు." నేను అడిగింది వేరు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఎన్ని నెలలు ఉన్నారు? వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. మొదటి ఐదేళ్లలో అన్నీ కలిపినా ఏడు నెలలు దాటలేదు. ఏ జాగ్రత్తా లేకుండా ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతేనే సంతానలేమి అంటాం. స్త్రీకి 35 దాటితే ఆరు నెలలకే పరీక్షలు మొదలుపెడతాం. ఆ లెక్కన తొలి సెలవులోనే మాత్రలు మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. పైగా ఆమెకు నెలసరి 28, 30 రోజులకు తప్పకుండా వచ్చేది. అయినా భర్త ఊళ్లో లేని నెలల్లో కూడా అండం పెరగడానికి మాత్రలు వాడించారు. తప్పు ఆమెలోనే ఉందని అత్తగారింట్లో ఖాయమైపోయింది కూడా అప్పుడే. సీమంతాలకు పిలవడం మానేశారు.

ఆ తర్వాత ట్యూబ్ టెస్ట్ (డై ఎక్కించి అండవాహికలు తెరిచి ఉన్నాయో లేదో ఎక్స్‌రేలో చూసేది), సెలవుల్లో మూడు ఐయూఐలు, గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి చేసిన పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష)లో టీబీ పాజిటివ్ అని ఆరు నెలల టీబీ మందులు. క్రిమిని పెంచి చూసే కల్చర్ లేదు, ముక్కను మైక్రోస్కోపు కింద చూసిన రిపోర్టు లేదు. మన దేశంలో గర్భాశయ టీబీ నిజంగానే ట్యూబులను పాడుచేస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ పీసీఆర్ ఒక్కదాన్నే నమ్మి, వేరే ఏ ఆధారమూ లేకుండా మందులు రాయడం మా రంగంలో పాతుకుపోయిన అలవాటు.

చివరికి నగరంలో ఒక ఐవీఎఫ్ సెంటర్. మూడు సైకిళ్ల (మూడు విడతల చికిత్స) ప్యాకేజీ, సగం సొమ్ము బంగారం తాకట్టు పెట్టి, సగం వాయిదాల మీద.

వచ్చినప్పటి సమస్య

మొదటి సైకిల్ ఆయన సెలవులో జరిగింది. మూడో రోజు ఎంబ్రియోలు (పిండాలు) రెండు గర్భసంచిలో పెట్టారు, గర్భం రాలేదు. రెండో సైకిల్ ఆయన తిరిగొచ్చాక. ఈసారి ఎంబ్రియోలను ఫ్రీజ్ చేసి, తర్వాతి నెలల్లో రెండుసార్లు ట్రాన్స్‌ఫర్ చేశారు, అంటే కరిగించి గర్భసంచిలో పెట్టారు. రెండోసారి ట్రాన్స్‌ఫర్‌కు ముందు ఈఆర్ఏ (ఎంబ్రియో పెట్టడానికి సరైన సమయం తెలుసుకోవడానికి గర్భసంచి పొరకు చేసే) పరీక్ష చేసి, గర్భసంచిలోకి పీఆర్పీ (రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం), ఇంట్రాలిపిడ్ (కొవ్వు ద్రవం) సెలైన్ కూడా ఇచ్చారు. వాటికి బిల్లు విడిగా. బీటా (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) మళ్లీ నెగెటివ్. మూడో సైకిల్‌కు వెళితే "మీ ఏఎంహెచ్ తక్కువ, ఎగ్ క్వాలిటీ లేదు, డోనర్ ఎగ్‌కి వెళ్దాం" అన్నారు. ఏఎంహెచ్ అంటే అండాల నిల్వ పరీక్ష, డోనర్ ఎగ్ అంటే వేరే స్త్రీ అండం.

"డోనర్ అంటున్నరు మేడం. వేరే ఏదన్న మంచి సెంటర్ ఉంటే చెప్పుండ్రి, ఆడికి పోతం" అంది ఆమె. ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి "ఇంక మూడు లక్షలు ఎక్కడికెల్లి తేవాలె" అన్నాడు, ఎవరినీ అడగనట్టుగా.

పేరు చెప్పలేదు. ముందు ఫైలు కావాలన్నాను. వాళ్ల దగ్గరున్నది రసీదుల కట్ట, ఒక పేజీ సారాంశం. అందులో "ఐసీఎస్ఐ చేయబడినది, ఈటీ చేయబడినది, ఫలితం నెగెటివ్" అని ఉంది. అంటే వీర్యకణాన్ని అండంలోకి ఎక్కించారు, ఎంబ్రియో పెట్టారు, గర్భం రాలేదు. అంతే.

ఫైలు కోసం

2021లో వచ్చిన ఏఆర్టీ (ఐవీఎఫ్ వంటి సంతాన చికిత్సల) చట్టం ప్రకారం చేసిన చికిత్స వివరాలతో డిశ్చార్జ్ సర్టిఫికెట్ ఇవ్వడం సెంటర్ బాధ్యత. ఫిర్యాదుల విభాగం కూడా ఉండాలి. ఈ సంగతి చాలామంది జంటలకు తెలియదు. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమో, తర్వాతి సైకిల్ సరిగ్గా చేయరేమో అన్న భయం కూడా ఉంటుంది. ఫోన్‌లో అడిగితే "సిస్టమ్‌లో ఉన్నాయి, ఇవ్వడం కుదరదు" అన్నారట. అందుకే కాగితం మీద రాయించాను. గొడవ భాష ఒక్క ముక్క లేకుండా, ఏ కాగితాలు కావాలో పేర్లతో సహా. రెండు వారాల్లో అన్నీ వచ్చాయి.

ఐవీఎఫ్ ఫెయిల్ కావడం అంటే ఒకే సంఘటనలా కనిపిస్తుంది. లోపల అది చాలా దశల పని. అండాలు సరిపడా వచ్చాయా, వచ్చినవి పక్వమైనవేనా, ఫలదీకరణ జరిగిందా, ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్ (బాగా ఎదిగిన ఎంబ్రియో దశ) దాకా ఎదిగాయా, కరిగించాక బతికాయా, పెట్టిన చోట అతుక్కున్నాయా. ఏ దశలో ఆగిందో అంకెలు చెబుతాయి. అందుకే నేను ల్యాబ్‌లో ఈ లెక్కలు రాసే ఎంబ్రియాలజీ షీట్‌నే ముందు చదువుతాను.

మొదటి సైకిల్ షీట్‌లో పెద్దగా ఏమీ లేదు. రెండోది చదివాక కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. 12 అండాలు, 10 పక్వమైనవి, 8 ఫలదీకరణ, 5 బ్లాస్టోసిస్టులు. అన్నీ చూడదగ్గ గ్రేడులే. 30 ఏళ్ల వయసులో ఇది మంచి ఫలితం. ఏఎంహెచ్ 1.6. అది అండాల నిల్వను అంచనా వేసే పరీక్షే, అండం నాణ్యతను చెప్పదు. ఈమెకు అండాలు రావడంలో గానీ, అవి ఎదగడంలో గానీ ఇబ్బంది కనిపించలేదు. ఎదిగిన ఎంబ్రియోలే గర్భసంచిలో నిలవలేదు. అలాంటప్పుడు డోనర్ ఎగ్ ఏ సమస్యకు జవాబు? వేరే అమ్మాయి అండంతో చేసిన ఎంబ్రియోను కూడా అదే గర్భసంచిలో పెట్టాలి కదా.

షీట్‌లో ఇంకో వరుస ఉంది. ఐదు ఫ్రీజ్ చేశారు, మొదటిసారి రెండు, రెండోసారి ఒకటి వాడారు. మిగిలినవి రెండు. ఆ రెండు ఎంబ్రియోలు ఇంకా అక్కడే ట్యాంకులో ఉన్నాయని ఈ జంటకు తెలియనే తెలియదు. దాచడానికి సంతకాలు పెట్టారు. ఎగ్ పికప్ (అండాలు బయటకు తీసే) రోజున పెట్టిన కాగితాల కట్టలో అదీ ఒకటి. ఆమె నన్ను మూడుసార్లు అడిగింది: "అంటే మావేనా మేడం? మా ఇద్దరియేనా?"

ఫెయిల్యూర్ ఎక్కడ?

ఆగింది గర్భసంచి దగ్గరైతే, అక్కడ ఏం చూశారు? స్కాన్ రిపోర్టులు తేదీల వారీగా పేర్చాను. చికిత్స సాగిన నెలల్లో తీసిన మూడు స్కాన్లలో "కుడి అండాశయం పక్కన 3 సెంటీమీటర్ల సిస్ట్" అని ఉంది. ఆ మూడు స్కాన్ల మధ్య దూరం పది నెలలు. మామూలు నీటి సిస్ట్ ఒకటి రెండు నెలసరుల్లో కరిగిపోతుంది. పది నెలల పాటు అదే చోట, అదే సైజులో ఉంటే అది అండాశయానిదేనా అని అడగాలి.

పాత ట్యూబ్ టెస్ట్ రిపోర్టు తీశాను. ఫైలు సారాంశంలో "ట్యూబులు ఓపెన్" అని ఉంది. అసలు రిపోర్టులో మాత్రం "కుడి ట్యూబ్ ఉబ్బి ఉంది, డై ఆలస్యంగా, కొద్దిగా బయటకు వచ్చింది" అని రాసి ఉంది. ఒక చీటీ నుంచి ఇంకో చీటీకి ఎక్కించేటప్పుడు ఆ వాక్యం రాలిపోయింది. ఫిల్ములు ఆమె పుట్టింట్లో బీరువా కింద దొరికాయి. ఉబ్బు స్పష్టంగా ఉంది.

ఆమెను మళ్లీ అడిగాను, కడుపుకు ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా అని. 17 ఏళ్లప్పుడు అపెండిక్స్ పగిలి, జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, చీము పోవడానికి పైపు పెట్టి కొన్ని రోజులు ఉంచారట. మచ్చ ఉంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, ఆమెకు చెప్పాలని తోచలేదు. అపెండిక్స్ చీముతో కుడి ట్యూబ్ పాడవడం మాకు తెలిసిన దారే.

నేను స్కాన్ చేస్తే ఆ "సిస్ట్" గుండ్రంగా లేదు. పొడవుగా, మడత పడి, అండాశయానికి విడిగా ఉంది. హైడ్రోసాల్పింక్స్, అంటే నీరు నిండి ఉబ్బిన ట్యూబ్. ఆ నీరు కొద్దికొద్దిగా గర్భసంచిలోకి జారుతుంది. ఎంబ్రియో అతుక్కోవాల్సిన పొర మీద అది మంచి ప్రభావం చూపదు. స్కాన్‌లో కనిపించేంత హైడ్రోసాల్పింక్స్ ఉన్నప్పుడు ఐవీఎఫ్‌లో గర్భం వచ్చే అవకాశం దాదాపు సగానికి పడిపోతుందని, ట్యూబ్‌ను ముందే తీసేస్తే లేదా గర్భసంచి దగ్గర మూసేస్తే ఆ నష్టం తగ్గుతుందని 1990ల నుంచే పరిశోధనలు చెబుతున్నాయి. ట్రాన్స్‌ఫర్‌కు ముందు తప్పనిసరిగా చూడాల్సిన విషయాల్లో ఇదొకటి.

ఈమెకు చేసిన అదనపు చికిత్సలు వేరు. ఈఆర్ఏ ప్రకారం సమయం మార్చి ట్రాన్స్‌ఫర్ చేసినా జననాలు పెరగలేదని 2022లో వచ్చిన పెద్ద ట్రయల్ తేల్చింది.  ఆధారం ఉన్న పని వదిలేసి, ఆధారం లేనివి మూడు చేయడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. వాటికి ఆ జంట పెట్టిన ఖర్చుతో లాపరోస్కోపీ అయిపోయేది.

ఆయన వైపు కూడా ఒక పరీక్ష మిగిలింది. మొదటి ఐవీఎఫ్‌కు ముందు, విమానం దిగిన రెండో రోజున చేసిన వీర్య పరీక్షలో కౌంట్ 9 మిలియన్. ఆ ఒక్క కాగితం ఆధారంగానే "మగవారి సమస్య" అని రాశారు. వెల్డింగ్ వేడి, అంతకుముందు నెలలో వచ్చిన జ్వరం ఎవరూ అడగలేదు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఈ రోజు కౌంట్ రెండున్నర నెలల కిందటి ఒంటి పరిస్థితిని చెబుతుంది. మళ్లీ చేయిస్తే 31 మిలియన్, చురుగ్గా ముందుకు కదిలేవి 36 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల్లో కింది హద్దులు మిల్లీలీటరుకు 16 మిలియన్, 30 శాతం. రిపోర్టు చేతిలో పట్టుకుని ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

చేసింది, ఫలించనిది

లాపరోస్కోపీ, దాంతోపాటు హిస్టరోస్కోపీ (గర్భసంచి లోపల కెమెరాతో చూడటం) నిర్ణయించాం. ఆమెకు ముందే రెండు దారులు చెప్పి రెంటికీ సంతకం తీసుకున్నాను. వీలైతే ట్యూబ్ తీసేస్తాను, పేగులు అతుక్కుని ఉంటే తీయకుండా గర్భసంచి దగ్గర క్లిప్ వేసి వదిలేస్తాను. ఇలా ముందే మాట్లాడుకోకపోతే ఆపరేషన్ టేబుల్ మీద మొండితనం వస్తుంది. లోపల చూస్తే పేగు ట్యూబ్‌కు గట్టిగా అతుక్కుని ఉంది. విడదీస్తే పేగుకు గాయం కావచ్చు, అండాశయానికి రక్తం అందించే నాళాలకూ ముప్పు. క్లిప్ వేసి ఆపాను. ఎడమ ట్యూబ్ బాగుంది, డై ధారగా వచ్చింది. గర్భసంచి లోపల మామూలుగా ఉంది. కణజాలం టీబీ కల్చర్‌కు, మైక్రోస్కోపీకి పంపాం. రెండూ నెగెటివ్.

ఇప్పుడు వెంటనే ట్రాన్స్‌ఫర్ చేయాలా, కొన్నాళ్లు సహజంగా ప్రయత్నించాలా? నేను ఆగమన్నాను. ఒక ట్యూబ్ బాగుంది, కౌంట్ బాగుంది, ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరూ ఆసుపత్రి లేకుండా కాపురం చేసిన ఏడాది అంటూ ఇప్పటిదాకా లేదు. ఎంబ్రియోలు ఆమె 30వ ఏట చేసినవి, ట్యాంకులో వాటి వయసు పెరగదు. ఆరు నెలలు ఆగితే పోయేదేమీ లేదు. ఆమెకు 38 ఉండి, ఫ్రీజ్‌లో ఏమీ లేకపోయి ఉంటే ఈ సలహా ఇచ్చేదాన్ని కాదు. ఆయనకు ఏజెంట్ దగ్గర నుంచి కొత్త వీసా కబురు వచ్చింది, వద్దనుకుని ఊళ్లోనే వెల్డింగ్ షాపులో చేరాడు.

ఆరు నెలలు గడిచాయి, గర్భం రాలేదు. ఆమె నిరాశపడింది, కానీ ముందు అనుకున్న గడువే కాబట్టి ఇంకో నెల, ఇంకో నెల అని సాగదీయలేదు.

మళ్లీ అదే సెంటర్‌కు

"ఇప్పుడన్న వేరే సెంటర్ పేరు చెప్తరా?" అని అడిగింది. పాత సెంటర్‌కే వెళ్లమన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. ఆ మెట్లు మళ్లీ ఎక్కనంది.

నా లెక్క ఇది. ఐవీఎఫ్ సెంటర్ అంటే డాక్టరు, ల్యాబ్ రెండూ. ఎనిమిది ఫలదీకరణల్లో ఐదు బ్లాస్టోసిస్టులు చేసిన ల్యాబ్‌ను చెడ్డది అనలేం. కరిగించిన మూడూ బతికాయి. ఫ్రీజింగ్ కూడా సరిగ్గా ఉందన్నమాట. లోపం ఎంబ్రియో పెట్టడానికి ముందు జరగాల్సిన పరీక్షలో ఉంది, దాన్ని మనం సరిచేశాం. వేరే సెంటర్‌కు మారాలంటే ఆ రెండు ఎంబ్రియోలను ద్రవ నత్రజని ట్యాంకులో తరలించాలి, అనుమతులు, రెండు సెంటర్ల కాగితాలు, దారిలో ముప్పు. లేదా వాటిని వదిలేసి కొత్తగా ఇంజెక్షన్లు, ఎగ్ పికప్, మళ్లీ రెండు లక్షలు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రారంభించిన ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం గురించి ఆయన అడిగాడు. కొత్త సైకిల్ అవసరమైతే అది మంచి ఆలోచనే. కానీ ముందు చేతిలో ఉన్నవి వాడాలి.

నేనే ఆ సెంటర్ డాక్టరుకు లేఖ రాశాను, ట్యూబ్ ఫిల్మ్, లాపరోస్కోపీ ఫోటోలతో. మర్యాదగా జవాబిచ్చారు, సిస్ట్ విషయం మళ్లీ చూడాల్సిందని ఒప్పుకున్నారు. ఈ కోరికలు కాగితం మీద పెట్టుకున్నాం: ఒక్కోసారి ఒక్క ఎంబ్రియోనే, అదనపు చికిత్సలు ఏవీ వద్దు, మొత్తం ఖర్చు ముందే రాసివ్వాలి, సహజ నెలసరిలోనే ట్రాన్స్‌ఫర్. చివరిదానికి సెంటర్ కాస్త తటపటాయించింది. హార్మోన్ మాత్రలతో నెలను తయారుచేస్తే ట్రాన్స్‌ఫర్ తేదీని వాళ్లకు వీలున్న రోజుకు పెట్టుకోవచ్చు. సహజ నెలలో అండం ఎప్పుడు విడుదలైతే అప్పుడే, ఆదివారమైనా సరే. కానీ నెలసరి సరిగ్గా వచ్చే స్త్రీకి సహజ పద్ధతి సరిపోతుంది. మాత్రల పద్ధతిలో తర్వాత గర్భంలో బీపీ సమస్యలు ఎక్కువని పరిశోధనల్లో కనిపిస్తోంది. ఒప్పుకున్నారు.

ఒక్క ఎంబ్రియో అన్నందుకు ఇంట్లో అభ్యంతరం వచ్చింది. "ఒకేసారి ఇద్దరు పుడితే పని అయిపాయె" అని అత్తగారు. కవలల్లో నెలలు నిండకుండా పుట్టడం, ఎన్ఐసీయూ రోజులు, తల్లికి బీపీ, ఇవన్నీ ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. కోడలి ముందు అత్తగారు ఆ విషయాలు శ్రద్ధగా వినడం అదే మొదటిసారి అనుకుంటాను.

మొదటి ఎంబ్రియో. బీటా 64. ఏడేళ్లలో మొదటి పాజిటివ్. రెండు రోజుల తర్వాత 31. నిలవలేదు.

ఆ వారం ఆమెతో మాట్లాడటం కష్టమైంది. సెంటర్‌లో జూనియర్ డాక్టరు మిగిలిన ఎంబ్రియోకు జన్యు పరీక్ష చేయిద్దామన్నారు, ఇంకోసారి ఈఆర్ఏ అన్నారు. వద్దన్నాను. ఒకే ఒక ఎంబ్రియో మిగిలి ఉన్నప్పుడు దాన్ని కరిగించి, కణాలు తీసి, మళ్లీ ఫ్రీజ్ చేస్తే దానికి అదనపు దెబ్బ. రిపోర్టు ఏం వచ్చినా ఎంబ్రియో మెరుగవదు. 30 ఏళ్ల స్త్రీ ఎంబ్రియోల్లో కూడా కొన్నింటికి క్రోమోజోముల లోపం ఉంటుంది, తొలి రోజుల్లోనే ఆగిపోతాయి. అలా ఒకసారి జరిగిందని పద్ధతి తప్పు అనలేం. థైరాయిడ్ మరోసారి చూసి, ఒక నెల విరామం ఇచ్చి, ఏమీ మార్చకుండా అదే పద్ధతి చేయమన్నాను. ఏదో ఒకటి కొత్తగా చేయాలన్న ఒత్తిడి రోగి నుంచీ, డాక్టరు లోపలి నుంచీ వస్తుంది. దాన్ని తట్టుకోవడం ఈ కేసులో నాకు అన్నిటికంటే కష్టమైన భాగం.

రెండో ఎంబ్రియో నిలిచింది. బీటా 212, తర్వాత 470. క్లిప్ వేసిన ట్యూబ్ వైపు గర్భం ఉండిపోయే అవకాశం కొంచెం ఉంటుంది కాబట్టి ఆరో వారంలోనే స్కాన్ చేశాను. గర్భసంచిలోనే ఉంది, గుండె కొట్టుకుంటోంది. 38 వారాలకు సిజేరియన్, 2.8 కిలోల ఆడపిల్ల.

క్లిప్ వల్లే ఫలించిందని రుజువు చేయలేను. ఒక్క కేసు దేనికీ రుజువు కాదు. ఆ రెండు ఎంబ్రియోలు మొదటే పెట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. కానీ ప్రతి అడుగుకూ వెనక ఆధారం ఉంది, ఆగాల్సిన చోటు ముందే రాసి ఉంది. ఇదీ ఫలించకపోతే వాళ్లు ఏమీ తెలియని స్థితిలో మాత్రం ఉండేవాళ్లు కారు.

సెంటర్ ఎంచుకోవాలంటే

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేవి ఈ కేసు నుంచే వస్తాయి.

రిజిస్ట్రేషన్ చూడండి. ఏఆర్టీ చట్టం కింద లెవెల్ 1 క్లినిక్ ఐయూఐ దాకానే చేయాలి, ఐవీఎఫ్‌కు లెవెల్ 2 కావాలి. సర్టిఫికెట్ చూపించమని అడగడంలో తప్పులేదు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక సెంటర్ మీద పోలీసు కేసు అయింది. సరోగసీ ద్వారా మీ బిడ్డేనని ఇచ్చిన పసిబిడ్డ డీఎన్ఏ ఆ దంపతులతో సరిపోలలేదు. ఆ వార్త తర్వాత కూడా సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడే జంటలను చూస్తున్నాను. డోనర్ అండం అవసరమైతే అది రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి. దాతకు 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, తీసేది ఏడు అండాలకు మించకూడదు. ఎక్కడైనా "డోనర్‌ను మేమే చూసుకుంటాం, మీకెందుకు" అంటే లేచి వచ్చేయండి.

హోర్డింగ్ మీద సక్సెస్ శాతం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా నమ్మేది అదే. ఆ శాతం దేని మీద? బీటా పాజిటివ్‌లనా, పుట్టిన బిడ్డలనా? ఈ కేసులో బీటా 64 వచ్చిన నెల ఒక లెక్కలో సక్సెస్, ఆమె లెక్కలో నష్టం. ట్రాన్స్‌ఫర్ దాకా వచ్చినవాళ్ల మీదేనా, ఇంజెక్షన్ మొదలుపెట్టిన అందరి మీదా? ట్రాన్స్‌ఫర్ దాకా రాకుండా ఆగిపోయినవాళ్లను వదిలేస్తే శాతం దానంతటదే పెరుగుతుంది. డోనర్ ఎగ్ సైకిళ్లు కూడా కలిపారా? బ్రిటన్‌లో హెచ్ఎఫ్ఈఏ అనే నియంత్రణ సంస్థ క్లినిక్‌ల వారీగా ఫలితాలు ప్రచురిస్తుంది. మన దగ్గర రోగి చేతికి అలాంటివి అందవు కాబట్టి "నా వయసువాళ్లకు, నాలాంటి సమస్యకు, సొంత అండంతో, మొదలుపెట్టిన ప్రతి సైకిల్‌కు ఎంతమందికి బిడ్డ పుట్టింది?" అని నేరుగా అడగాలి. ఖచ్చితమైన అంకె రాకపోయినా, ప్రశ్న అర్థం చేసుకుని నిదానంగా జవాబు చెప్పే డాక్టరు ఎవరో తెలిసిపోతుంది.

"రాకపోతే డబ్బు వాపస్" ప్యాకేజీల్లో ఎవరిని చేర్చుకుంటారో, "వచ్చింది" అంటే ఏమిటో, మధ్యలో డోనర్‌కు ఒప్పుకోకపోతే వాపస్ వస్తుందో లేదో చదవాలి. ఈ జంట ప్యాకేజీలో మూడో సైకిల్ వద్దంటే డబ్బు రాదని చిన్న అక్షరాల్లో ఉంది. డోనర్ సలహా వెనక అది కూడా ఉందేమో నేను చెప్పలేను. మూడో సైకిల్ సొమ్ములో కొంత ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌లకు సర్దుబాటు చేయమని లేఖలో అడిగాం, చేశారు. బంగారం ఇంకా సగం తాకట్టులోనే ఉంది.

ఫైలు కోసం ఆ రోజు రాయించిన కాగితాన్ని ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి జంటకూ నకలు ఇస్తున్నాను. కావలసినవాళ్లు ఇలాగే రాసుకోవచ్చు:

"అయ్యా/అమ్మా, మీ సెంటర్‌లో మా పేరున ఉన్న ఫైలు నంబరు ఫలానా. మా చికిత్సకు సంబంధించి ఈ కింది కాగితాల నకళ్లు ఇవ్వగలరు. 1. ప్రతి సైకిల్‌కు వాడిన మందులు, మోతాదులు, స్కాన్ చార్ట్. 2. ఎంబ్రియాలజీ రిపోర్టు: తీసిన అండాలు, పక్వమైనవి, ఫలదీకరణ చెందినవి, ప్రతి ఎంబ్రియో రోజు, గ్రేడు, ఏమైందో. 3. ట్రాన్స్‌ఫర్ నోట్స్. 4. ట్యూబ్ టెస్ట్, హిస్టరోస్కోపీ, లాపరోస్కోపీల ఫిల్ములు, ఫోటోలు. 5. వీర్య పరీక్ష రిపోర్టులన్నీ. 6. మేము సంతకం చేసిన ప్రతి అనుమతి పత్రం. 7. ప్రస్తుతం నిల్వలో ఉన్న మా ఎంబ్రియోల సంఖ్య, నిల్వ గడువు, చెల్లించాల్సిన రుసుం."

కింద ఇద్దరూ సంతకం చేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు స్టాంపు, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి.